తాళాలు బాగుచేసే దొరకు నేను హారతి ఇచ్చిన రోజు

మొన్న వసారాలో కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ ఉన్నాను. వాన పడుతుందా లేదా అన్నది ఎవరి చేతిలోనూ లేదు గానీ, మా గోరంట్ల పక్క మనుషులం ఆ కాలం రాగానే కాయలు ఒలవకుండా ఉండలేం, పోయిన ఏడు ఒలిచిన విత్తనం మట్టిలోనే మాడిపోయినా సరే. నా మేనల్లుడు హిందూపురం బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి, చేతిలోని ఫోను నా కళ్ళద్దాలకు ఆనేంత దగ్గరగా పెట్టాడు. అందులో ఒక తెల్లదొర, బాగా ముసలివాడు, బూడిదరంగు కోటు వేసుకుని మైకు ముందు నిలబడి మాట్లాడుతున్నాడు. కింద తెలుగు అక్షరాలు పరిగెడుతున్నాయి. ఎవరో పనిలేనివాడు వెనక డప్పుల చప్పుడు కూడా కలిపాడు.

"అత్తా, ఈ తాత మాట్లాడేది చూడు. బయటినుంచి వచ్చినోళ్ళందర్నీ మూటాముల్లె కట్టి పంపియ్యాలంటాండాడు. నాయకుడంటే ఇట్లుండాల."

అప్పుడే మా బోరు స్టార్టరు డబ్బా విప్పి ముందు వేసుకుని, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు మా వీధి సాయిబు. ఈ చుట్టుపక్కల ఏ మోటారు ఆగినా ఆయనే రావాలి. నన్ను అక్కా అంటాడు, నా మేనల్లుడికి పుట్టినప్పటినుంచీ మామ. ఆయన తల ఎత్తకుండా వైరు చివర పళ్ళతో లాగుతూ వింటున్నాడు. మా వాడికి అప్పుడు గుర్తొచ్చింది ఆయన అక్కడ ఉన్నాడని.

"నిన్ను కాదులే మామా. ఆడెవరో బయటోళ్ళని."

"నన్ను కాదని నీకు తెలుసప్పా. ఆయప్పకెట్ల తెలుస్తాది?" అన్నాడు ఆయన, మళ్ళీ వైరు లాగుతూ.

నేను వాళ్ళిద్దరి మాటా సరిగా వినలేదు. ఆ ముసలిదొర మాట్లాడుతూ మాట్లాడుతూ కుడిచేతి బొటనవేలితో చూపుడువేలి అంచును తడుముకుంటున్నాడు, కొత్తగా కోసిన తాళంచెవికి పళ్ళు సరిగ్గా పడ్డాయా లేదా అని చూసేవాళ్ళు తడుముతారే, అట్లా. మొహం గుర్తుపట్టలేకపోయాను గానీ ఆ వేళ్ళను గుర్తుపట్టాను.

"ఈయప్ప నాకు తెలుసురా. నేను ఈయప్పకు హారతి ఇచ్చినా," అన్నాను.

మా వాడు నవ్వాడు, ముసలిదానికి మతి తప్పిందని. తప్పలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, అంతే. నా వయసువాళ్ళు ఇది చదువుతూ ఉంటే, మీకు చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, ఎందుకంటే మనలో సగం మంది వేలిముద్ర వేసి బతికినవాళ్ళమే.

నా పెళ్ళయిన నాలుగో ఏట ఇంటాయన పోయాడు. పిల్లలు లేరు. మా నాయన చేను రెండు కరువులకే బీడు పడింది. మా చిన్నాయన మాత్రం హిందూపురంలో రైల్వే పనిలో ఉండి కొడుకును డాక్టరు చదివించాడు. ఆ తమ్ముడు, నా మరదలు, ఇద్దరూ డాక్టర్లై ఇంగ్లండులో నూలు మిల్లులు ఉన్న ఒక ఊళ్ళో ఆసుపత్రిలో చేరారు. వాళ్ళకు బిడ్డ పుడితే చూసుకునే దిక్కు లేక, అక్కా నువ్వు రా అని తమ్ముడు నన్ను పిలిపించుకున్నాడు. పాస్‌పోర్టు మీద కూడా వేలిముద్రే వేశాను. వేసిన తరువాత ఆ సిరా వేలిని చీర కొంగుకు తుడుచుకుంటే మా నాయన కోప్పడ్డాడు, అంత దూరం పోయేదానివి మంచి చీర పాడుచేసుకుంటావా అని. ఆయనకు ఆ కాగితం కన్నా చీరే పెద్దది.

ఆ ఊళ్ళో మిల్లు గొట్టాల పొగ, సన్నవాన, ఇటుక రంగు ఇళ్ళు, ఒకదానికొకటి అంటుకుని. వాన కోసం ఆకాశం చూసి చూసి పెరిగినదాన్ని, రోజూ పడే ఆ వాన చూస్తే మొదట్లో నాకు ఏడుపొచ్చేది, దీంట్లో పదో వంతు మా చేనికి పడితే చాలుగదా అని. తమ్ముడూ మరదలూ డ్యూటీలకు పోతే నేనూ, చంటిబిడ్డా, నాలుగు గోడలూ.

ఆ గోడల్లో ఒకదాని అవతల ఆపా ఉండేది, ఆపా అంటే ఉర్దూలో అక్క. ఆమెది పాకిస్తాను పల్లె, భర్త మిల్లులో రాత్రీ పగలూ మారే షిఫ్టుల పని. మొదటిరోజు పెరటి గోడ మీదుగా ఆమె ఏదో అడిగితే నేను మా గోరంట్ల సాయిబుల ఇళ్ళలో నేర్చిన ఉర్దూలో జవాబు చెప్పాను. వద్దు అనడానికి మేము 'నక్కో' అంటాం కదా, ఆ మాట విని ఆమె గోడ పట్టుకుని వంగి వంగి నవ్వింది. వాళ్ళ పక్క ఆ మాట లేదట. ఆ తరువాత నా చేత అనిపించడానికే ఏదో ఒకటి ఇయ్యనా అని అడిగేది. కొన్నాళ్ళకు తన పిల్లల్ని కూడా 'నక్కో' అని గదమాయించడం మొదలుపెట్టింది. నేను రాగిపిండి లేక అల్లాడుతుంటే ఏ నల్లవాళ్ళ కొట్లోనో వెతికించి ఆ రంగులో ఉన్న ఏదో పిండి తెప్పించింది. సంగటి కెలికితే జిగురు అయింది, ఇద్దరం మూకుడు ముందు కూర్చుని తిన్నాం. నాకు జ్వరం వస్తే బిడ్డను ఆమే చూసింది. ఆ దేశంలో నాకు మనిషి అంటే ఆమే.

ఆమె దగ్గర నేను ఒక అబద్ధం మీద నిలబడ్డాను. డాక్టరు అక్కవు, నువ్వూ బాగా చదువుకుని ఉంటావు అని ఆమె మొదట్లోనే అంటే, నేను తల ఊపాను. ఎందుకు ఊపానో ఇప్పటికీ నాకే కోపం. ఆమెకు ఇంగ్లీషు రాదు, పిల్లల బడి నుంచి కాగితం ఏదైనా వస్తే నా దగ్గరికి తెచ్చేది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళద్దాలు మేడ మీద ఉండిపోయాయి, సాయంత్రం చదివి చెబుతానని ఉంచుకుని, మరదలు రాగానే చదివించుకుని, మర్నాడు గోడ దగ్గర నా తెలివిలాగా చెప్పేదాన్ని. అప్పటికి నాకు కళ్ళద్దాలే లేవు.

తాళాల దొర సంగతికి వస్తాను. మా వీధి మలుపులో ఆయన కొట్టు. తాళాలు బాగుచేసేవాడు, తాళంచెవులు కోసేవాడు. ఒకసారి తలుపు నా వెనక మూసుకుని తాళం పడిపోయి, నేను వానలో బయట, బిడ్డ లోపల. పరిగెత్తి ఆయన కొట్టుకు పోయి చేతులతో సైగ చేస్తే, గిరాకీని వదిలేసి నాతో పరిగెత్తుకొచ్చాడు. తలుపు తీసి, బిడ్డ తల నిమిరి, కూలి ఇయ్యబోతే వద్దన్నాడు. అబద్ధం చెప్పను, ఆ రోజు అతను నాకు దేవుడు. ఆ ఊళ్ళో నాకు తలవంచి నమస్కారం లాంటిది పెట్టిన తెల్లవాడు ఆయన ఒక్కడే.

ఆ ఏడాది మున్సిపాలిటీ ఎన్నికలు వచ్చాయి. ఒక శనివారం మధ్యాహ్నం తలుపు తడితే చూద్దును గదా, తాళాల దొర, కోటుకు పార్టీ రిబ్బను పువ్వు గుచ్చుకుని, పక్కన ఇద్దరు మనుషులు, మెడలో కెమెరా వేసుకున్నవాడు ఒకడు. చేతిలో కాగితాల కట్ట. ఎన్నికలని నాకు అర్థమైంది. మా పక్క ఎన్నికలప్పుడు ఏం చేస్తామో మీకు చెప్పాలా? ఓటు ఎవరికి వేస్తామన్నది వేరే మాట, గడప దగ్గరికి ఓటడగను వచ్చినవాణ్ణి ఒట్టి చేతులతో పంపం. నేను సైగతో నిలబడమని చెప్పి, లోపలికి పోయి, పళ్ళెంలో కుంకుమ, ఊరి నుంచి తెచ్చుకున్న కర్పూరం పెట్టి వెలిగించి, మూడుసార్లు తిప్పి, ఆ తెల్లటి నుదుటికి బొట్టు పెట్టాను. ఆయన బిగుసుకుపోయి నిలబడ్డాడు. పళ్ళెంలో ఏదైనా వేయాలని ఎవరైనా చెప్పారో, తనకే తోచిందో, ఒక కాగితం మడిచి పళ్ళెంలో పెట్టాడు. కర్పూరం అంటుకుంటుందని నేను గబుక్కున తీశాను. వెంట వచ్చినవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. కెమెరావాడు టపటపా కొట్టాడు. మా ఇళ్ళ గోడలకు అంటించుకున్నట్టే, మెతుకులు నూరి ఆ కాగితాన్ని వీధి కిటికీ అద్దానికి అంటించాను. బొమ్మ బయటికి కనబడేటట్టు, తిన్నగా, అరచేత్తో అదిమి మరీ.

మిల్లు షిఫ్టు వదిలిన వాళ్ళందరూ ఆ కిటికీ ముందు నుంచే ఇళ్ళకు పోయారు. ఆపా భర్త కూడా. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు.

సాయంత్రం మరదలు వచ్చి, కోటు కూడా విప్పకుండా కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"వదినా, ఇది ఎవరు అంటించినారు?"

"నేనే. మన తాళాలాయన నిలబడినాడు."

ఆమె గోళ్ళతో గీకి గీకి ఆ కాగితాన్ని తీసింది. మెతుకుల జిగురు, ఒక పట్టాన ఊడలేదు. తీస్తూనే చదివి చెప్పింది. రంగు మనుషుల్ని రానీయడం ఆపాలి, వచ్చినవాళ్ళను పడవ ఎక్కించాలి, ఇళ్ళూ పనులూ ఆసుపత్రి మంచాలూ ముందు తెల్లవాళ్ళకే దక్కాలి. ఇదీ మా గుమ్మంలో నా చేత బొట్టు పెట్టించుకున్నవాడి మాట. ఆ ఆసుపత్రిలో నా మరదలు ముప్పై గంటలు నిద్రలేకుండా తెల్లవాళ్ళకు పురుళ్ళు పోసి వచ్చింది ఆ రోజు.

అంతటితో పోలేదు. వారం తిరగకుండానే ఇంకో కాగితం ఇంటింటికీ వచ్చింది. ఈసారి దాని మీద నా బొమ్మ. పళ్ళెం పట్టుకుని నవ్వుతూ నేను, బొట్టుతో ఆయన. కింద రాసిన మాట తమ్ముడు చదివి చెప్పాడు. రంగు మనుషుల్లో కూడా మర్యాద తెలిసినవాళ్ళు మా పక్షమే, గొడవంతా ఆ మిల్లు వీధుల్లో కిక్కిరిసి ఉన్నవాళ్ళతోనే అని. నన్ను చూపించి ఆపాను కొట్టాడు. ఆ వారంలోనే ఎవరో ఆపా వాళ్ళ ముందుగది అద్దం ఇటుకతో పగలగొట్టారు. లోపల పిల్లలు నిద్రపోతున్నారు. దెబ్బ తగల్లేదు, అంతే.

నేను ఆపా ఇంటికి పోయాను. పోకుండా ఎట్లా ఉంటాను? నాకు కావలసింది ఒక్కటే, ఆపా నన్ను నమ్మాలి. తలుపు ఆమే తీసింది. వెనక గదిలో వాళ్ళ చుట్టాల ఆడవాళ్ళు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, అందరూ నా వైపే చూస్తున్నారు. ఆపా ఏమీ తిట్టలేదు. ఒక్క మాట అడిగింది, నెమ్మదిగా, నాకు దారి ఇస్తున్నట్టుగా. అది చదివే అంటించినావా?

చదువు రాదు ఆపా, అనాలి. అంతే. ఆమె ఆ మాట కోసమే కాచుకుని ఉన్నదని ఇప్పుడు తెలుస్తుంది. కానీ ఆ నలుగురి ముందు, డాక్టరు అక్కనని ఇన్నాళ్ళూ వాళ్ళ బడి కాగితాలు తిప్పినదాన్ని, నోరు తెరిస్తే వచ్చిన మాట, అవును, చదివినా అని.

ఆమె తలుపు వేసేసింది, చప్పుడు కాకుండా. నెల తిరగకుండా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి, ఆయన తమ్ముడు ఉన్న ఇంకో ఊరికి పోయారు.

ఆ చలికాలమంతా నేను వంటింటి బల్ల దగ్గర ఇంగ్లీషు అక్షరాలు దిద్దాను. మరదలు చెప్పేది. ముప్పై అయిదేళ్ళ దాన్ని, పెన్సిలు పట్టుకుంటే గరిటె పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని, మొనలు విరిగేవి. ఎవరికో పాఠం చెప్పాలని కాదు, ఉద్యోగానికి కాదు. కిటికీకి అంటించిన ఆ కాగితం నేనే చదవాలని. మరదలు పారేయబోతే నేను దాచిపెట్టుకున్నాను. మంచు కరిగే రోజులకు ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివాను. నేను చదివిన మొదటి చదువు అది. మీలో ఎవరికీ అంత కంపు కొట్టే మొదటి పాఠం దొరికి ఉండదు.

చదివిన మర్నాడు దాన్ని తీసుకుని తాళాల కొట్టుకు పోయాను. ఆయన అప్పటికి ఆ ఎన్నిక ఓడిపోయాడు గానీ ఊళ్ళో పేరు వచ్చింది, కొట్లో నలుగురు మనుషులు చుట్టూ చేరి ఉన్నారు. నన్ను చూసి కుర్చీ జరిపాడు. నేను కూర్చోలేదు. కాగితం బల్ల మీద పరిచి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చెప్పాను, అప్పుడు నాకు చదవడం రాదు, ఇప్పుడు వచ్చు అని. అతను ఎర్రబడతాడనుకున్నాను. లేదు. ఎంతో మర్యాదగా, నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. మీ గురించి కాదమ్మా, మీలాంటి వాళ్ళ గురించి ఎప్పుడూ కాదు. మరి మా పక్కింటి ఆమె గురించా అన్నాను. చెబుతూనే ఉన్నాడు ఏదో, చేతిలో ఉన్న తాళంచెవి పళ్ళు తడుముతూ. ఆ వేళ్ళను నేను మరిచిపోలేనిది అందుకే.

చూశారా, చదువు రాదన్న మాట చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు గానీ, వీడికి పోయి చెప్పాను.

నేను అక్కడ ఉన్న తొమ్మిదేళ్ళలో అతను రెండోసారి నిలబడి గెలిచాడు. కొట్టు అమ్మేశాడు. రిబ్బను పువ్వు పోయి మంచి కోటు వచ్చింది. నేను తిరిగి వచ్చాక ఇక్కడ పెద్దవాళ్ళ బడిలో తెలుగు కూడా నేర్చుకున్నాను, తమ్ముడు ఉత్తరాలు రాస్తే నేనే చదువుకునేదాన్ని. మీ తాళాల దొర పార్టీకే పెద్ద అయ్యాడక్కా అని ఒకసారి రాశాడు. టీవీల్లో వస్తున్నాడని, ఇప్పుడు పడవల మాట ఎత్తడం లేదని, మా ఆచారాలు, మా సంస్కృతి అని మెత్తగా మాట్లాడుతున్నాడని ఇంకోసారి. సొంత పార్టీవాళ్ళే తరిమేశారని, రెండేళ్ళకు ఇంకొకటి పెట్టాడని. ప్రతిసారీ అయిపోయాడు అనుకున్నాం, ప్రతిసారీ ఇంకాస్త పెద్ద మైకు ముందు తేలాడు. ఒకప్పుడు అతను మెట్ల మీద నిలబడి అరిచిన మాటలు, ఇప్పుడు నెక్‌టైలు కట్టుకున్న వేరే పార్టీలవాళ్ళు దొడ్డ మర్యాదగా అంటున్నారట. అతను గెలిచాడో ఓడాడో మీరే చెప్పండి.

ఇదంతా కాయలు ఒలుస్తూనే చెప్పాను మా వాడికి. సాయిబు స్టార్టరు పని ఆపేసి విన్నాడు. మా వాడు ఫోను జేబులో వేసుకుని, "అది వేరే దేశం కథ గదా అత్తా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ కింద బోర్లు ఎండిపోయి చేను బీడుపడితే వీడు పెళ్ళాం పిల్లలతో బెంగళూరు పోయి అపార్టుమెంటు కింద రేకుల షెడ్లో వాచ్‌మన్‌గా ఉన్నాడు. నీళ్ళ ట్యాంకరు దగ్గర ఎవరో, ఈ తెలుగోళ్ళొచ్చి ఊరంతా నిండిపోయినారు అన్నారని, ఫోనులో నా దగ్గర ఏడ్చాడు.

"నువ్వు యాడికి పోయినా బయటోడివేరా. ట్యాంకరు కాడ నిన్ను అన్నోడు కూడా ఎవురితోనో చెప్పింటాడు, మా వాచ్‌మన్‌ను కాదులే, వేరేవాళ్ళను అని."

వాడు లేచి, చిప్పలు దోసిట్లోకి ఎత్తుకుని పెరట్లోకి పోయాడు.

సాయిబు స్క్రూలు ఏరుకుంటూ అడిగాడు. "ఆయమ్మకు మళ్ళ చెప్పినావా అక్కా? చదువు రాదని?"

"లేదప్పా."

"ఉత్తరమన్నా?"

"యాడికని రాసేది. ఆయమ్మకూ చదువు రాదు."

ఆయన తల ఊపి డబ్బా మూత బిగించాడు.

మా కాలంలో ఓటు అడిగేవాడు గడప దగ్గరికి రావాల్సి వచ్చేది. అక్కడ నిలబెట్టి నువ్వు చెప్పేదేమిటి అని అడగవచ్చు, నాలాంటిది అడగకుండా బొట్టు పెట్టింది, అది నా తప్పు. ఇప్పుడు ఎవడూ రానక్కరలేదు, ఏడు సముద్రాల అవతల మాట్లాడినవాణ్ణి మన పిల్లలే జేబులో పెట్టుకుని ఇంటికి తెస్తున్నారు. వీళ్ళకు నాకున్న సాకు కూడా లేదు. అందరూ బడికి పోయినవాళ్ళే, కింద పరిగెత్తే అక్షరాలు గుక్క తిప్పుకోకుండా చదవగలరు. చదివే పంపిస్తున్నారు. మనం వేలిముద్రలు వేసిన రోజుల్లో, చదువు ఒకటి వస్తే చాలు, మనిషి మోసపోడు, ఇంకొకరిని మోసం చేయడు అని ఎంత నమ్మాం.

ఆపా బతికి ఉంటే ఎనభై దాటి ఉంటుంది. ఆమెకు నేను చదువుకున్నదాన్నే. అంతా తెలిసి, అరచేత్తో అదిమి మరీ, ఆమె పిల్లల్ని పంపేయమన్న కాగితాన్ని కిటికీకి అంటించినదాన్ని. ఎనిమిది నెలలు ఒకే గోడకు అటూ ఇటూ నవ్వుకున్నవాళ్ళం. నా గురించి ఆమె తన మనవళ్ళకు ఏమని చెప్పి ఉంటుందో నాకు తెలుసు, అందులో ఒక్క మాట కూడా అబద్ధం అనడానికి నాకు వీలు లేదు.